మైకులో బాపుల పేర్లు

పార్టీకి నూటపదహారు రూపాయల చందా ఇచ్చిన కూలీ పేరు కావాలి మీకు. ఊరు కావాలి, అడ్రసు కావాలి. కోట్లు పోసి ఎన్నికల బాండు కొన్నవాడి పేరు మాత్రం ఎవరూ అడగొద్దు, అది రహస్యం. ఈ చట్టాలు రాసినవాళ్లారా, చదివి తలూపినవాళ్లారా, పనిలోంచి తీసేశామని నకిరేకల్ పత్తి జిన్నింగు మిల్లు గేటుకు అంటించిన ముప్ఫై ఒక్క పేర్లకు మీరే జవాబుదారులు. ఆ కాగితం అంటించిన చెయ్యి ఎవరిదో తర్వాత చూద్దాం. జిగురు కలిపింది మీరు.

ఆ చెయ్యి ఎవరిదో కనిపెట్టమనే మెట్టకూలీల పార్టీవాళ్లు కోమలను పిలిచారు. పద్దెనిమిదేళ్లు పోలీసు నౌకరి చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగా రాజీనామా మొహాన కొట్టి వచ్చిన మనిషి. నల్లగొండలో వకీళ్లకు నిజాలు వెతికిపెట్టి బతుకుతోంది. 2019 జనవరి తొమ్మిది, పొద్దున తొమ్మిది నలభైకి నార్కట్‌పల్లిలో ఆటో దిగింది. ఆ పార్టీ ఆఫీసంటే పంక్చర్ దుకాణం వెనక ఒక కిరాయి గది. లోపలి లొల్లి రోడ్డు దాకా వినబడుతోంది.

గది మధ్యలో రేకు పెట్టె మీద ఒక ఆడమనిషి తల వంచుకుని కూర్చుంది. చుట్టూ పది పన్నెండు మంది. అందరికన్నా గట్టిగా అరుస్తున్నవాడు నరేశ్, గేటు కాగితంలో మొదటి పేరు వాడిదే.

"పేర్లు అమ్ముకున్నది గిదే! ముప్ఫై ఒక్క కొంపలు ముంచింది!"

"అమ్ముకున్నది నువ్వు జూసినవా?" అంది కోమల గుమ్మంలోంచి.

"సూసుడేంది మేడం? మమ్మల్ని ముప్ఫై ఒక్కర్ని తీసేసిండ్రు. చందాల పుస్తకం రాసే దీన్ని తీయలే. ఇంకేం సాక్ష్యం గావాలె?"

పార్టీ అధ్యక్షుడు సాల్మన్ ముందుకొచ్చాడు. ఒకప్పుడు దొర పొలంలో జీతగాడు, ఇప్పుడు ఆటో నడుపుతాడు. మొన్నటి అసెంబ్లీ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు. మూడు రాత్రులుగా నిద్ర లేనట్టుంది, చెప్పేది కూడా వరుసగా రావడం లేదు.

"కోమలమ్మా, సాయంత్రం నాలుగింటికి అందరు కూసుంటున్నరు. మల్లిక మీద పోలీసు కేసు పెట్టాల్నా, పార్టీల నుంచి ఎల్లగొట్టాల్నా అని. అది ఒకటి. ఇంకొకటి, కొత్తకోట దిక్కు మన సోమన్న పోటీ చేసిండు. ఆయన ఖర్చుల లెక్క రేపు ఐదింటి లోపట ఎన్నికల ఆఫీసుల ఇయ్యాలె. చందాలిచ్చినోళ్లు రెండువందల తొమ్మిది మంది. పేర్లు ఇస్తే అక్కడి పల్లీ మిల్లుల గేట్లకు గూడ గిదే కాగితం అంటిస్తరు. అవి గూడ గీ జిన్నింగు మిల్లు సేటుయే. ఇయ్యకుంటే సోమన్నను మూడేండ్లు పోటీ చెయ్యనియ్యరు. ఏం జెయ్యాల్నో నాకు సమజైతలేదు."

"మీ లెక్క ఎప్పుడిచ్చిండ్రు?"

"నాల్గో తారీకు. పదకొండు నలభైకి. ముద్ర ఉంది."

"గేటు మీద కాగితం?"

"మూడో తారీకు. పొద్దుగాల ఆరు పదికి. ఫస్ట్ షిఫ్టోళ్లు పోయేసరికే ఉంది."

అంటే లెక్క ఇవ్వడానికి ముందు రోజే పేర్లు బయటికి పోయాయి. కోమల డైరీలో రెండు తారీకులు రాసి కింద గీత గీసింది. ఆ గీత నేరుగా మల్లిక దగ్గరికే పోతోంది. అదే ఆమెకు నచ్చలేదు. ఇంత నేరుగా పోయే గీతను ఆమె ఎప్పుడూ నమ్మలేదు.

"మల్లికా, తల ఎత్తు. మిల్లుల ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్?"

"ఏడేండ్లక్కా."

"పార్టీకి చందా ఇచ్చినవా?"

"ఇచ్చిన. నూటపదహారు."

"పుస్తకం ఎవ్వలి కాడ ఉంటది?"

"నా కాడనే. గీ పెట్టెల. తాళం గూడ నా కొంగుకే ఉంటది."

"మరి నిన్నెందుకు తీయలే?"

"గదే నాకూ తెల్వదక్కా. తీసేస్తే బాగుండునని దేవునికి మొక్కుకున్న."

నరేశ్ నవ్వాడు. కోమల వాడి వైపు ఒక చూపు చూసింది. నవ్వు ఆగింది.

"లే. పెట్టె తియ్యి."

తాళం మీద గీతలు లేవు. కొండీ వదులు కాలేదు. లోపల పాత కరపత్రాలు, జెండా గుడ్డలు, పసుపు మరకలున్న ఎర్ర అట్ట పుస్తకం, ఇనుప తీగకు గుచ్చిన చీటీల కట్ట. కోమల పుస్తకం తిప్పింది. ఊరి వరుసన పేర్లు. ఐలేశం, నూటపదహారు. పెద్దులు, ఐదువందలు. అన్నీ మగవాళ్ల పేర్లే. మల్లిక పేరు లేదు, నరేశ్ పేరూ లేదు.

"గీ ఐలేశం ఎవ్వలు?"

"మా బాపు," అంది మల్లిక.

"మీ నాయిననా? పిలువు, మాట్లాడ్త."

"పోయి ఆరేండ్లయింది."

"పెద్దులు?"

"మా బాపు," అన్నాడు నరేశ్. "ఆయన గూడ లేడు. తొమ్మిదేండ్లు."

కోమల ఇంకో పేజీ తిప్పింది. ఇంకో పేరు అడిగింది. ఆయనా లేడు. చచ్చిపోయినవాళ్లందరూ వచ్చి ఈ పార్టీకి చందా ఇచ్చారా?

సాల్మన్ చెప్పాడు. "పెండ్లి చదివింపులల్ల ఇంటి పెద్ద పేరే గద మైకుల చదువుతరు. మా బాపులు దొర కాడ వెట్టి జేసి జేసి పోయిండ్రు. వాళ్ల పేరు ఎన్నడన్న ఒక మైకుల ఇనబడ్డదా? పార్టీ పెట్టిన్నాడే అనుకున్నం. చందా ఎవ్వలిచ్చినా బాపు పేరు మీదనే రాయాలె. మీటింగుల నిలవడి మైకుల చదవాలె. ఊరు, బాపు పేరు, పైసలు. కొత్తకోట దిక్కు గూడ గంతే. పేరు చదువుతుంటే ముసలోళ్లు ఏడుస్తరమ్మా."

"పేర్లు బయటికి పోవద్దంటరు. మళ్ల మైకుల చదువుతరు. దిమాక్ ఉందా సాల్మనన్నా?"

"చదివింది బాపుల పేర్లు గద. సచ్చినోళ్ల నౌకరి ఎవ్వలు తీస్తరు?"

అది పిచ్చిగా ఉంది, సరిగ్గానూ ఉంది.

"మరి సర్కారుకిచ్చిన లెక్కల?"

"సచ్చినోళ్లు చందా ఎట్లిస్తరని వకీలు మమ్మల్ని తిట్టిండు. పోయిన నెల ముప్ఫై ఒకటిన నేను, మల్లిక కూసోని బతికున్నోళ్ల పేర్లు రాసినం. గీ పుస్తకం వరుసనే."

"నరేశ్, గేటు కాగితం ఫోటో ఉందా?"

ఉంది. కోమల ఫోన్‌ను పుస్తకం పక్కన పెట్టింది. గేటు కాగితంలో అందరూ బతికున్నవాళ్లే. కానీ వరుస పుస్తకంలోది కాదు. ఊళ్లు కలగాపులగంగా ఉన్నాయి. అంటే కాగితం పుస్తకం చూసి రాసింది కాదు, సాల్మన్ ఇచ్చిన లెక్క చూసీ కాదు. మరి దేన్ని చూసి రాశారు?

ఆమె తీగ కట్టను చేతిలోకి తీసుకుంది. "ఇవేంది?"

"మీటింగుల చదివిన చీటీలక్కా," అంది మల్లిక. "చదివినయి చదివినట్టు తీగకు గుచ్చిన."

అంటే అన్నిటికన్నా అడుగున ఉన్నదే మైకులో మొదట చదివిన చీటీ. కోమల తీగను తలకిందులు చేసి ఒక్కొక్కటే తీసి నేల మీద పరిచింది. అరవై నాలుగు చీటీలు. అడుగున పెద్దులు, ఐదువందలు. గేటు మీద మొదటి పేరు నరేశ్. తర్వాతి చీటీ, తర్వాతి పేరు. మిల్లులో పని లేనివాళ్లను పక్కకు తీసేస్తే వరుస వరుసంతా కలిసిపోయింది. మైకులో చదివిన వరుస.

అయితే రెండు చోట్ల కలవలేదు. తొమ్మిది చీటీలవాళ్లు మిల్లులోనే పనిచేస్తున్నారు, చందా ఇచ్చారు, గేటు మీద లేరు. మల్లిక ఒకతి. మిగతా ఎనిమిది మందీ ఆడవాళ్లే. రెండోది, నరేశ్ పేరు కిందే పూజ అని ఒక పేరుంది. దానికి చీటీయే లేదు.

"గీ పూజ ఎవ్వలు?"

"మా ఊరి పిల్లనే," అన్నాడు నరేశ్. "మన పార్టీ గాదు. అసల్ ఎందుకు తీసిండ్రో ఎవ్వలకు తెల్వదు."

"ఫోన్ చెయ్యి."

పదకొండున్నరకు పూజ వచ్చింది, ఇరవై రెండేళ్ల పిల్ల. ఆమెకన్నా ముందు, మైకులో చదివిన పేర్ల సంగతి ఫోన్‌లో విన్న ఆమె తండ్రి లోపలికి వచ్చాడు. మెడలో పెద్ద పార్టీ కండువా.

"ఏ లంగ నా పేరు మైకుల చదివిండ్రా? నేను పెద్ద పార్టీ మనిషిని! పద్నాలుగు దినాలు జెండ వట్టుకొని తిరిగిన! మీ దిక్కుమాలిన పార్టీకి పది రూపాయలు గూడ ఇయ్యలే!"

"పెద్దమనిషీ, నీ పేరు?" అంది కోమల.

"పెద్దులు!"

అందరూ నరేశ్ వైపు తిరిగారు. నరేశ్ గొంతు తగ్గించాడు. "నిన్ను గాదే పెద్దయ్యా. చదివింది మా బాపును. ఆయన గూడ పెద్దులే గద."

"మీ అయ్య సచ్చి తొమ్మిదేండ్లాయె! సచ్చినోని పేరుకు నా బిడ్డ నౌకరి పాయెనారా?"

కోమల పూజను కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. "నువ్వు నౌకర్ల చేరినప్పుడు ఏమన్న ఫారం నింపినవా?"

"నింపిన మేడం. ఏజెన్సీ ఫారం. పేరు, ఊరు, తండ్రిదో భర్తదో పేరు."

"నువ్వేం రాసినవ్?"

"నాకింక పెండ్లి గాలే. నాయిన పేరే రాసిన."

కోమల మెల్లగా వెనక్కి తిరిగింది. "మల్లికా, నీ ఫారంల ఏముంది?"

"గిరి. మా ఆయన పేరు."

"మిగతా ఎనిమిది మంది?"

"అందరికి పెండ్లిళ్లయినయక్కా. అందరు మొగని పేరే రాస్తరు."

నేల మీద అరవై నాలుగు చీటీలు. కోమల వాటి మధ్య మోకాళ్ల మీద కూర్చుంది. "ఎవ్వలో మైకుల చదివిన బాపుల పేర్లు వరుసగ రాసుకున్నరు. మిల్లు ఫారాలు ముందలేసుకొని తండ్రి పేరు యాడ కలిస్తే ఆడ టిక్కు పెట్టిండ్రు. ఒక ఊర్లె ఇద్దరు పెద్దులుంటే ఇద్దరి పిల్లలకు టిక్కు. మొగని పేరు రాసిన ఆడోళ్లు దొరకలే. మల్లికను కాపాడింది ద్రోహం గాదు. గిరి పేరు."

నరేశ్ నేల చూపులు చూశాడు. కానీ గదిలో తేలికపడ్డ మొహం ఒక్కటీ లేదు. మల్లిక కాకపోతే ఇంకెవరు? ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకున్నారు. పొద్దున ఒక్కరి మీదున్న అనుమానం ఇప్పుడు అందరి మీదికీ పాకింది.

"మీటింగుకు ఎవ్వలెవ్వలు వచ్చిండ్రు?"

"నవంబర్ ఇరవై ఎనిమిది, ఫంక్షన్ హాల్ల," అన్నాడు సాల్మన్. "చందా ఇచ్చినోళ్లే. తలుపులు మూసినం. ఫోన్లన్ని తట్టల వేయించినం. బయటోళ్లు ఒక్కలు లేరు."

"కెమెరా ఆయన ఉండె గదన్నా," అంది మల్లిక.

"ఆయన బయటోడెట్లయితడు? ఎన్నికల ఆఫీసోళ్లు పంపుతరు, అన్ని పార్టీల మీటింగులకు వస్తరు. కుర్సీ వేసినం. చాయ్ పోసినం."

"ఆయన ఫోన్ తట్టల వేయించిండ్రా?" అంది కోమల.

"వేయించినం."

"కెమెరా?"

"అది సర్కారుది గద కోమలమ్మా. దాన్నెట్ల తట్టల వేస్తం?"

కోమల కళ్లు మూసుకుంది. అరవై నలుగురి దగ్గర ఫోన్లు గుంజుకుని, కెమెరాకు మాత్రం ముందు వరుసలో కుర్చీ వేశారు. "సాల్మనన్నా, ఆ వీడియో ఎవ్వలడిగినా ఇస్తరు. ఫీజు గడితే చాలు. అది గూడ చట్టమే."

మధ్యాహ్నం రెండు పదిహేనుకు ఆమె నార్కట్‌పల్లి జంక్షన్‌లో ఒక మేడ మెట్లెక్కింది. పైన వెరిఫికేషన్ ఏజెన్సీ బోర్డు. మిల్లులకు కూలీలను కుదిర్చేదీ, వాళ్ల ఫారాలు నింపేదీ ఇదే. యజమాని విజేందర్ ఒకప్పుడు కోమలతో ఒకే స్టేషన్‌లో చేశాడు. ఆమె పట్టిన కేసులో ఇతను పైసలు తిన్నాడు. అందుకే ఆమె రాజీనామా చేసింది, ఇతను మేడ కట్టాడు.

"రా కోమలక్కా! చాయ్ తాగుతవా? మీ సచ్చిన బాపులు ఎట్లున్నరు?"

దాచనైనా దాచడం లేదు. "మీటింగు వీడియో సీడీ ఎప్పుడు తీస్కున్నవ్?"

"డిసెంబర్ పదిహేడు. రసీదు సూపెట్టాల్నా? దొంగతనం జెయ్యలేదక్కా. పారదర్శకత. ప్రజలకు తెలుసుకునే హక్కుంది."

"నువ్వు ప్రజలవా?"

"ఫీజు గట్టిన. ఆ కౌంటర్ కాడ ఫీజు గట్టినోడే ప్రజ."

"మీ సేటు పెద్ద పార్టీకి ఎంతిచ్చిండో చెప్పు. గది గూడ తెలుసుకుంటం."

విజేందర్ హాయిగా నవ్వాడు. "గది బాండు. బాండుల పేరుండదు. నాక్కూడ తెల్వదు, నా మీద ఒట్టు."

అక్కడే కోమలకు ఒళ్లు మండింది. పద్దెనిమిదేళ్లలో ఎదుటివాడి చేత మాట్లాడించిందే తప్ప తాను మాట్లాడలేదు. ఇవాళ నోరు జారింది.

"నీదొక పరిశోధనా? పెద్ద పార్టీ జెండ మోసినోని బిడ్డను తీసేసినవ్. ఫారంల తండ్రి పేరు జూసి టిక్కులు పెట్టుడు చిన్నపిల్లల పని. మొగని పేరు రాసిన ఆడోళ్లు తొమ్మిది మంది నీ కండ్ల ముందలనే తప్పిపోయిండ్రు, నీకు సోయి గూడ లేదు!"

విజేందర్ నవ్వడం ఆపాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

"ఆగక్కా. మల్ల ఒకసారి చెప్పు. పెండ్లయిన ఆడోళ్లా?"

కోమలకు అర్థమయ్యేసరికి అతను ఫోన్‌లో ఉన్నాడు. "కొత్తకోట లిస్టు ఆపుండ్రి. సీడీ వరుస మంచిగనే ఉంది. పెండ్లయిన ఆడోళ్లయి పాత ఆధార్లు తియ్యిండ్రి, పెండ్లి ముందటియి. తండ్రి పేరు దాంట్ల ఉంటది. ఎల్లుండి పొద్దుగాల ఆరింటికి గేట్లకు అంటియ్యాలె. నకిరేకల్ తొమ్మిది పేర్లు గూడ చేర్చుండ్రి." ఫోన్ పెట్టేసి చేతులు జోడించాడు. "నీ ఫీజు ఎంతక్కా? గీ సలహా మాకు మస్తు పనికొస్తది."

అప్పుడు చూసింది ఆమె, టేబుల్ మీద ఇంకో సీడీ. దాని మీద పెన్నుతో రాసుంది: కొత్తకోట, డిసెంబర్ రెండు.

నాలుగింటికి పది నిమిషాలుండగా ఆమె ఆఫీసు గదికి తిరిగొచ్చింది. గది నిండిపోయింది. తలుపు దగ్గర నిలబడే అన్నీ చెప్పింది. విజేందర్ చెప్పిందీ, తాను వాగిందీ ఏదీ దాచలేదు. సాల్మన్ గోడకు ఆనుకున్నాడు.

"అంటే రేపు లెక్క ఇచ్చినా ఇయ్యకున్నా..."

"పేర్లు పోయినట్టే. కెమెరా ముందలనే పోయినయ్."

మల్లిక లేచి నిలబడింది. పొద్దుటి నుంచి వంచిన తల ఇప్పుడే పూర్తిగా ఎత్తింది. "ఎల్లుండి నా పేరు గూడ గేటెక్కుతది నరేశ్. గప్పుడన్న నమ్ముతవా?"

నరేశ్ రెండు చేతులూ జోడించబోతే ఆమె మొహం తిప్పుకుంది.

"ఏడుపులు తర్వాత," అంది కోమల. "సోమన్నను రేపు లెక్క ఇయ్యమనుండ్రి. బతికున్నోళ్ల పేర్లతోని, ఒక్కటి గూడ దాయకుంట. కని పేర్ల కాగితాలు వేరే కవర్ల పెట్టి సీలు వేయాలె. పైన దరఖాస్తు. గీ పేర్లు చూపెడితే నౌకర్లు పోతున్నయ్, సాక్ష్యం ఉంది, ఎవ్వలకు కాపీ ఇయ్యొద్దని."

"అట్ల ఇయ్యొచ్చని చట్టంల ఉందా?"

"లేదు. లేదు గాబట్టే అడుగుతున్నం. వాళ్లు కాదంటే అదే దరఖాస్తు కోర్టుకు. తీగ చీటీలు, గేటు ఫోటో, పూజ ఫారం జత చేయాలె. కని మన సాక్ష్యం మనమే చెప్తే ఎవ్వలు నమ్మరు. చందా ఇయ్యనోడు చెప్పాలె. పక్క పార్టోడు చెప్పాలె."

అందరూ మూలకు చూశారు. పెద్దులు పొద్దుటి నుంచీ ఇంటికి పోలేదు. పోతే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తేలక అక్కడే కూర్చుండిపోయాడు.

"నేనా? మా లీడరుకు తెలిస్తే?"

"నాయినా," అంది పూజ, "నా నౌకరి తీసినోడే మీ లీడరుకు పైసలిచ్చినోడు."

పెద్దులు కండువా కొసను వేలికి చుట్టుకున్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. "పెన్ను ఇయ్యుండ్రి. కని కండువ తీయ. కండువతోనే ఫోటో దిగుత. గప్పుడే నమ్ముతరు."

మల్లిక రేకు పెట్టె మీద కాగితం పరిచింది. కోమల చెబుతుంటే రాసింది:

"ఎన్నికల అధికారులకు. మా పేర్లు దాచలేదు, ఇవిగో, అన్నీ ఇస్తున్నాం. ఈ కవరు ఎవరికీ విప్పి చూపొద్దు, కాపీ ఇవ్వొద్దు. మా మీటింగుల సీడీలు ఇవ్వడం ఈ రోజే ఆపండి. కొత్తకోట గేట్లకు కాగితం అంటించేలోపు అక్కడికి మనిషిని పంపండి. నకిరేకల్‌లో తీసేసిన ముప్ఫై ఒక్కమందిని పనిలో పెట్టించండి. పేర్లు ఊరందరికీ తెలియడమే న్యాయమైతే, ముందు బాండ్లు కొన్నవాళ్ల పేర్లు తెండి. మిల్లు గేటుకు అంటించండి. పొద్దున ఆరు పదికి, ఫస్ట్ షిఫ్టు లోపలికి పోయే టైముకు. మేమందరం అక్కడే ఉంటాం. మైకులో మేం చదువుతాం."